మెయిన్ స్టాండు లేని బండికి ఇంట్లో స్టాండు: మే నుంచి అక్టోబరు దాకా

మాది నరసాపురానికీ పాలకొల్లుకీ మధ్య ఊరు. రొయ్యల చెరువుల నుంచి నీటి శాంపిళ్లు తెచ్చి ల్యాబ్‌లో ఇవ్వడం నా పని. రోజుకు 40 కి.మీ. తక్కువ కాకుండా తిరుగుతాను, అందులో సగం చెరువు గట్ల మీదే. గట్టు బురద, చెరువు నీళ్లు చిలికే ఏరియేటర్లు చిమ్మే ఉప్పు తుంపర రెండూ చైనుకే పడతాయి. నాలుగు రోజులు చూడకపోతే చైను ఎర్రబడుతుంది. వారానికోసారి కడిగి నూనె పెట్టుకోవాల్సిందే. మెయిన్ స్టాండు ఉన్న బండికి అది అరగంట పని. నా బండికి అది లేదు.

నోట్‌బుక్కులో రాసుకున్నవి ఇక్కడ ఎత్తి రాస్తున్నాను. ఎవరైనా ఇదే పనికి దిగితే నేను తగలేసిన డబ్బులు మిగులుతాయి. స్టాండు ఎంచుకుంటున్నాననే అనుకుని మొదలుపెట్టాను గానీ, ఆరు నెలల్లో సగం కాలం నేలతోనే సరిపోయింది. అందుకే స్టాండు కంటే నేల సంగతే ఇందులో ఎక్కువ ఉంటుంది.

దశ 1: తూకాలు, కొలతలు (మే మొదటి వారం)

బండి యమహా ఎఫ్‌జెడ్-ఎస్ వి3, బీఎస్6. కంపెనీ చెప్పే బరువు 135 కిలోలు. స్టాండు మోసేది మొత్తం బరువు కాదు, ఒక చక్రం వైపు బరువు. అది తెలియాలంటే తూయాలి. తెలిసిన రైతుగారి చెరువు షెడ్డులో పట్టుబడి కాటా, అంటే పట్టిన రొయ్యలు తూచేది, ఉంది. అడిగితే, "బండిని తూస్తావా? కౌంటు ఎంతొచ్చిందో చెప్పు" అని నవ్వి ఇచ్చారు. (కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయన్నదే కౌంటు.)

కాటా ఎత్తు 9 సెం.మీ. మొదట వెనక చక్రం కాటా మీద, ముందు చక్రం నేల మీద పెట్టి చూశాను: 64. తర్వాత ముందు చక్రం కాటా మీద: 60. కలిపితే 124. ట్యాంకు సగమే ఉంది కాబట్టి 135లో నాలుగైదు కిలోలు తగ్గితే సరే, 11 ఎలా తగ్గుతాయి? కాసేపటికి తట్టింది. ఏ చక్రాన్ని ఎత్తులో పెడితే ఆ చక్రం మీద బరువు కొంత తగ్గి, కింద ఉన్న చక్రం మీదికి పోతుంది. రెండుసార్లూ ఎత్తులో ఉన్న చక్రాన్నే తూశాను కాబట్టి రెండుసార్లూ తక్కువే చూపించింది. రెండో చక్రం కింద కూడా 9 సెం.మీ. చెక్కలు పేర్చి మళ్లీ తూశాను. వెనక 68, ముందు 63, మొత్తం 131. లెక్క కుదిరింది.

మిగతావి:
1. వీల్‌బేస్ (రెండు ఇరుసుల మధ్య దూరం) 1330 మి.మీ., బండి పొడవు 1990 మి.మీ. (ఇవి కంపెనీ లెక్కలు.)
2. వెనక ఇరుసు దగ్గర స్వింగ్‌ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే చెయ్యి) అడుగు నేలకు 268 మి.మీ. ఎత్తులో ఉంది.
3. అక్కడ స్వింగ్‌ఆర్మ్ వెడల్పు, బయటి నుంచి బయటికి 232 మి.మీ.
4. బండి పెట్టే వసారా నేల: కింద ఇసుక, పైన రెండడుగుల నాపరాళ్లు. తాపీమేస్త్రిగారి లెవల్ ట్యూబు (నీళ్లు నింపి మట్టం చూసే గొట్టం) తెచ్చి పట్టి చూస్తే 6 అడుగులకు 31 మి.మీ. వాలు, బయటి వైపుకి. రాళ్ల సందులు 6 నుంచి 9 మి.మీ.

నాలుగో అంకెను రాసుకుని మర్చిపోయాను. తర్వాత నా చేత డబ్బు ఖర్చు పెట్టించింది అదే.

దశ 2: సైడు స్టాండు, కారు జాకీ (మే 11)

చాలామంది చేసే పనే. బండిని సైడు స్టాండు మీద వాల్చి, కుడివైపు స్వింగ్‌ఆర్మ్ కింద చిన్న కారు జాకీ పెట్టి తిప్పితే వెనక చక్రం లేస్తుంది. మా బాబాయిగారి కారులో జాకీ ఉంటే తెచ్చాను. చక్రం రెండు వేళ్ల ఎత్తు లేచింది. చైను మీద బ్రష్ పెట్టి నాలుగుసార్లు తిప్పానో లేదో, బండి నెమ్మదిగా ఎడమవైపుకి ఒరగడం మొదలుపెట్టింది. పట్టుకోబోయాను, కాలు జారింది.

లేపి చూస్తే సైడు స్టాండు పాదం రెండు రాళ్ల సందులోకి దిగి ఉంది. జాకీ కుడివైపు ఎత్తుతున్నకొద్దీ బండి ఎడమవైపుకి ఇంకా వాలుతుంది, ఆ బరువంతా సైడు స్టాండు పాదం మీదే పడుతుంది. ఆ పాదం కొలిచాను: 3 సెం.మీ. ఇంటూ 4. వానాకాలంలో మట్టి మీద బండి ఆపితే పాదం కింద పెంకు ముక్కో, కొబ్బరి చిప్పో పెడతాం కదా. ఇంట్లో నాపరాయే కదా అని ఆ జాగ్రత్త తీసుకోలేదు.

కొత్త క్లచ్ లివరుకు 190 రూపాయలు, ఎడమ అద్దానికి 260.
ఇప్పటికి ఖర్చు: 450.

దశ 3: ఏది కొనాలి (మే మూడో వారం)

ముందు కొనకుండా వదిలేసినవి, ఎందుకు వదిలేశానో చెబుతాను.

బయట దొరికే మెయిన్ స్టాండు బిగించుకోవడం అన్నిటికంటే చవక. మా పనిలోనే ఉన్న ఒకతను వేయించుకున్నాడు. చెరువు గట్టు మీద రెండు చక్రాల గాడుల మధ్య మిట్ట ఉంటుంది. నా బండి గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకూ బండి అడుగుకూ మధ్య ఎడం, 165 మి.మీ. అతని స్టాండు ఆ మిట్టకు గీసుకుంటూ పోవడం నేను వెనక నుంచి కళ్లారా చూశాను. స్ప్రింగు నిండా బురద పట్టి సగం రోజులు పైకి లేచేది కాదు. ఊళ్లో తిరిగే బండికైతే ఇంకేమీ ఆలోచించక్కర్లేదు, అదే వేయించుకోండి.

సిజర్ లిఫ్టు, అంటే బండి కడుపు కింద పెట్టి మర తిప్పి లేపే జాకీ. చూడ్డానికి బాగుంటుంది. కానీ ఎఫ్‌జెడ్‌ది డైమండ్ ఫ్రేము. ఇంజను కింద ఫ్రేము గొట్టాలు ఉండవు, ఇంజనే ఫ్రేములో భాగంగా వేలాడుతుంది. జాకీ పెడితే ఇంజను అడుగుకో, సైలెన్సరు పైపుకో తగలాలి. ఆయిలు చాంబరు అల్యూమినియం, పగులుతుందని భయం. నాన్నగారి స్ప్లెండరుకు కింద రెండు గొట్టాలు చక్కగా ఉన్నాయి, ఈ జాకీ దానికి భేషుగ్గా సరిపోతుంది. దానికేమో మెయిన్ స్టాండు ఉంది! అవసరం లేని బండికి కుదురుతుంది, అవసరమున్న బండికి కుదరదు.

హైడ్రాలిక్ టేబుల్ లిఫ్టు, అంటే బండిని ఎక్కించి బల్లతో సహా లేపేది, దాని సంగతి ఫోనులోనే తేలిపోయింది. ముప్పై వేలు పైమాటే అన్నారు, రవాణా వేరు. దాన్ని పెడితే వసారాలో మనుషులకు చోటుండదు.

మిగిలింది వెనక ప్యాడాక్ స్టాండు, అంటే హ్యాండిలు నొక్కి వెనక చక్రాన్ని లేపే విడి స్టాండు. ఇందులో రెండు రకాలు. స్వింగ్‌ఆర్మ్‌కు బిగించిన స్పూళ్లను (దారపు ఉండ ఆకారం బొడిపెలను) పట్టుకునేది ఒకటి. స్వింగ్‌ఆర్మ్ అడుగున ఎల్ ఆకారం రబ్బరు ప్యాడ్లతో ఎత్తేది ఇంకొకటి. స్పూలు రకం గట్టి పట్టు, జారదు. నా స్వింగ్‌ఆర్మ్‌కు స్పూలు మరలు లేవు కాబట్టి ఎల్ ప్యాడ్లే గతి. వెడల్పు సర్దుకునేది, 232కు అటూ ఇటూ 20 మి.మీ. వెసులుబాటు ఉన్నది చూసి తెప్పించాను. 2,150.

ఇప్పటికి ఖర్చు: 2,600.

దశ 4: స్టాండు వచ్చింది, బండి రెండుసార్లు దిగింది (జూన్)

స్టాండు పనిచేసే తీరు తెలిస్తే అది ఎందుకు ఫెయిలవుతుందో తెలుస్తుంది. హ్యాండిలు పైకెత్తి ప్యాడ్లను స్వింగ్‌ఆర్మ్ కింద ఆనించాలి. హ్యాండిలు కిందికి నొక్కితే స్టాండు తన చిన్న చక్రాల మీద వెనక్కి తిరుగుతుంది, ప్యాడ్లు పైకి, వెనక్కి వస్తాయి. అంటే బండి పైకి లేవడమే కాదు, 8, 9 సెం.మీ. వెనక్కి కూడా జరగాలి. లేదా స్టాండే ముందుకు దొర్లాలి. రెండింట్లో ఏదో ఒకటి జరక్కపోతే ప్యాడ్లు జారతాయి.

సంతలో చేపలు తూచే స్ప్రింగు కాటా హ్యాండిలుకు తగిలించి లాగి చూశాను. మొదట 19 కిలోలు, సగం దాటాక 11, ఆఖరి నాలుగు వేళ్లు దానంతటదే కిందికి పోతుంది. స్టాండు చక్రాల నుంచి హ్యాండిలుకు 62 సెం.మీ., ప్యాడ్లకు అడ్డంగా 13 సెం.మీ. ప్యాడ్లు ఇరుసుకు కొంచెం ముందు తగులుతాయి కాబట్టి అక్కడ బరువు 68 కాదు, 71. 71 ఇంటూ 13 బై 62 అంటే దాదాపు 15. మిగతా నాలుగూ రాపిడి అనుకున్నాను. ఒక చెయ్యి చాలు.

అసలు చిక్కు రెండో చేతిది. ఒక్కడినే ఉన్నప్పుడు ఆ చేత్తో బండిని నిలువుగా పట్టుకోవాలి. దానికి సైడు స్టాండు కింద చెక్క పెట్టి బండిని దాదాపు నిటారుగా నిలబెట్టే పద్ధతి పనికొచ్చింది. మూడు మందాలు చూశాను:
- 20 మి.మీ.: బండి ఇంకా వాలే ఉంది, కుడి ప్యాడు అందలేదు.
- 32 మి.మీ.: రెండు ప్యాడ్లూ అందాయి, బండి తనంతట తాను నిలబడింది.
- 38 మి.మీ.: కొంచెం తోస్తే కుడివైపు పడేలా ఉంది. మానేశాను.
ఇవి నా నేలకు, నా టైరు గాలికి వచ్చిన అంకెలు. మీవి మీరు చూసుకోవాలి. చెక్క వెడల్పు మాత్రం అరచేయంత ఉండాలి, సందు మీద వంతెనలా పడాలి.

మొదటిసారి దిగడం, జూన్ 8: బండి కదలకూడదని తెలివిగా ముందు బ్రేకు లివరుకు సైకిలు ట్యూబు ముక్క చుట్టి కట్టేశాను. తర్వాత హ్యాండిలు నొక్కాను. బ్రేకు పట్టి ఉంది కాబట్టి బండి వెనక్కి రాదు. స్టాండు చక్రమేమో రాతి సందులో ఇరుక్కుంది కాబట్టి స్టాండు ముందుకు పోదు. 30 కిలోల దాకా నొక్కాను. కిర్రుమని కుడి ప్యాడు స్వింగ్‌ఆర్మ్ మీద జారి, బండి మూడు వేళ్ల ఎత్తు నుంచి టైరు మీదే దిగింది. పెయింటు మీద గీత తప్ప నష్టం లేదు.

మార్పులు:
1. బ్రేకు ఇప్పుడు ఎత్తిన తర్వాతే కడుతున్నాను. కట్టడం మానకూడదు. వెనక చక్రం గాల్లో ఉంటే గేరులో పెట్టినా బండి ఆగదు, ముందు చక్రం దాని ఇష్టం.
2. స్టాండు చక్రాలకు సందులు తగలకుండా 12 మి.మీ. ప్లైవుడ్, 6 అడుగులు బై 2, నేల మీద పరిచాను. 820.

ఇప్పటికి ఖర్చు: 3,420.

రెండోసారి, జూన్ 22: ప్లైవుడ్ మీద అంతా సాఫీగా లేచింది. వెనక చక్రం విప్పుదామని యాక్సిల్ (ఇరుసు) నట్టుకు పానా పట్టాను. రాలేదు. ఉప్పు పట్టేసింది. పానాకు గొట్టం తొడిగి గట్టిగా లాగాను. బండి స్టాండు మీద నుంచి ముందుకు దూకింది. బ్రేకు ట్యూబు తెగింది, బండి ముందుకు నాలుగడుగులు పోయి వసారా స్తంభానికి ఆగింది. నేను చక్రం పక్కన ఉన్నాను, ముందు లేను. అంతవరకు అదృష్టం.

ఆ సాయంత్రం నోట్‌బుక్కులో నాలుగో అంకె మళ్లీ చూశాను. 6 అడుగులకు 31 మి.మీ. వాలు, బయటికి. నేను బండిని, తీసేటప్పుడు సులువుగా ఉంటుందని, ఎప్పుడూ ముక్కు బయటికి పెట్టి నిలుపుతాను. అంటే బండి పల్లానికి చూస్తోంది. ముందుకు లాగితే స్టాండు తాను లేచిన దారినే తిరిగి పోతుంది, అడ్డేమీ లేదు. ముక్కు మిట్టకు పెడితే బరువు వెనక్కి పడుతుంది, హ్యాండిలు నేలకు ఆని ఉంటుంది కాబట్టి స్టాండు అటు తిరగలేదు.

అప్పటి నుంచి నా వరస ఇది:
1. ముక్కు మిట్టకు.
2. యాక్సిల్ నట్టు, బిగుసుకున్న నట్లు ఏవైనా చక్రం నేల మీద ఉండగానే ఒక చుట్టు వదులు చేయాలి.
3. సైడు స్టాండు కింద చెక్క, గేరు న్యూట్రల్.
4. ప్యాడ్లు రెండూ ఆనాయో లేదో వంగి చూడాలి. చూపు కాదు, వేలు పెట్టి.
5. ఎత్తాలి, తర్వాత బ్రేకు కట్టాలి.
6. చైను చేత్తోనే తిప్పాలి. ఇంజను ఆన్ చేసి గేరులో పెట్టి బ్రష్ పెట్టే వీడియోలు చూసి ఆ పని చేయకండి. గుడ్డ చైనుకీ స్ప్రాకెట్‌కీ (చైను తిరిగే పళ్ల చక్రానికీ) మధ్య చిక్కితే వేలు కూడా దాంతోపాటే పోతుంది.

దశ 5: నేల (జూలై, ఆగస్టు)

జూలై రెండో వారానికి ప్లైవుడ్ అంచులు పొరలు పొరలుగా విచ్చుకున్నాయి. అదొక్కటే అయితే పెయింటు వేసి ఊరుకునేవాణ్ణి. ప్లైవుడ్ మధ్యలో కాలు వేస్తే ఊగుతోంది. ఎత్తి చూస్తే రాళ్లే లేచి ఉన్నాయి.

లెవల్ ట్యూబు మళ్లీ తెచ్చాను. మేలో 6 అడుగులకు 31 ఉన్న వాలు 22 అయ్యింది. బయటి వరస రాళ్లు 9 మి.మీ. పైకి వచ్చాయి. ఒక రాయి రెండడుగుల్లో 7 మి.మీ. పక్కకి ఒరిగింది.

తాపీమేస్త్రిగారిని పిలిస్తే చూసి ఆశ్చర్యపోలేదు. "మీరు కొలిచింది కాలవలు కట్టేసినప్పుడు కదండీ. అప్పుడు భూమి ముడుచుకుపోయి ఉంటదండి. ఇప్పుడు నీళ్లు తాగి ఉబ్బిందండి," అన్నారు.

అవును కదా. మేలో పెరట్లో బీటల్లోకి చెయ్యి దూరేది. జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలారు, ఆపైన వానలు. మా నల్లమట్టి తడికి ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. వసారా లోపలి వరస మట్టికి తడి తక్కువ, బయటి వరసకు చూరు నీళ్లు కూడా తోడు. అందుకే బయటి వరసే లేచింది. డెల్టాలో మట్టి మీద పరిచిన రాళ్లు ఏ నెలలో కొలిస్తే ఆ నెలకే లెక్క. ఇది ఎండాకాలంలో స్టాండు కొనుక్కుని తృప్తిపడే వాళ్లందరికీ చెప్పాలనిపించింది.

రాళ్లు తీసి మళ్లీ సమంగా పరిస్తే చాలనుకున్నాను. మేస్త్రిగారు వద్దన్నారు. ఆరు నెలలకు మళ్లీ ఇంతే. విడిగా ఒక కాంక్రీటు బెడ్డు వేసి, గోడకూ స్తంభానికీ అంటకుండా వేలు సందు వదిలితే, మట్టి కదిలినా బెడ్డు మొత్తం ఒక్క ముక్కగా కదులుతుంది. రాయికొక దిక్కు పోదు.

బెడ్డు కొలత 8 అడుగులు బై 4, మందం 4 అంగుళాలు. పొడవు 8 ఎందుకంటే బండి 1990 మి.మీ., వెనక స్టాండు హ్యాండిలుకూ అది దొర్లడానికీ కలిపి ఇంకో 400. 8 అడుగులంటే 2438. బొటాబొటీగా సరిపోతుంది.

చేసిన వరస:
1. ఎనిమిది నాపరాళ్లు తీశాం. ఒకటి పగిలింది.
2. మట్టి 8 అంగుళాలు తవ్వాం. ఇంకా లోతుకు పోదామని ఒక మూల గునపంతో పొడిస్తే 14 అంగుళాల దగ్గర నీళ్లు ఊరాయి. అక్కడికి ఆపేశాం. ఈ పని మేలో చేసుంటే పొడి నేలలో సుఖంగా తవ్వుకునేవాళ్లం.
3. 5 అంగుళాలు ఇసుక పోసి, నీళ్లు పెట్టి, దిమ్మిసతో కొట్టాం. కొట్టాక 4 అంగుళాలకు దిగింది.
4. 8 మి.మీ. కడ్డీ, పది అంగుళాలకొకటి, రెండు వైపులా. మొత్తం 10 కిలోలు. కింద రాతి ముక్కలు పెట్టి కడ్డీని ఇసుకకు అంటకుండా లేపాం.
5. కాంక్రీటు 1:2:4 (సిమెంటు, ఇసుక, కంకర). రెండు బస్తాల సిమెంటు బొటాబొటీగా సరిపోయింది.
6. రెండు పక్కలా, మధ్యలో, 12 మి.మీ. కడ్డీ వంచి కొక్కేల్లా పాతించాను. బండిని తాళ్లతో కట్టుకోవడానికి. మేస్త్రిగారు "గేదెని కడతారేంటండీ" అన్నారు.
7. 8 అడుగుల మొత్తానికి 8 మి.మీ. వాలు మాత్రం, బయటికి. నీళ్లు నిలవకుండా ఆ మాత్రం పెట్టించాను. రసమట్టం పెట్టి, నేనే దగ్గరుండి చూసుకున్నాను.
8. వరిగడ్డి పరిచి పది రోజులు తడిపాం. ఆ పది రోజులూ బండి వీధిలో, చైను ఎర్రగా.

సిమెంటు 720, ఇసుక కంకర ఆటోతో కలిపి 1,150, కడ్డీ 620, మేస్త్రి, కూలీ 1,700. కలిపి 4,190.

ఇప్పటికి ఖర్చు: 7,610. నేల ఖరీదు స్టాండుకు దాదాపు రెట్టింపు అయ్యింది.

బెడ్డు మీద మొదటిసారి ఎత్తినప్పుడు స్ప్రింగు కాటా పెట్టి చూశాను: 19 కాదు, 16. ఆ మూడు కిలోలూ స్టాండు చక్రాలు రాళ్ల మీద పడిన ఇబ్బందే.

దశ 6: ముందు చక్రం (సెప్టెంబరు)

ముందు చక్రాన్ని పట్టుకునే రెండు ఫోర్కుల్లో (షాకబ్జార్బర్లలో) ఎడమదాని ఆయిలు సీలు కారుతోంది. సీలు మార్చాలంటే ముందు భాగం గాల్లో ఉండాలి, ఫోర్కు కిందికి జారి రావాలి. ఫోర్కుల అడుగున పట్టి ఎత్తే ముందు స్టాండు దీనికి పనికిరాదు. విప్పాల్సిన దాని మీదే బండిని నిలబెట్టినట్టు అవుతుంది. పైనుంచి వేలాడదీయాలి.

వసారాలో తాటి దూలం ఉంది. దాని వైపు చూశానో లేదో నాన్నగారు కుర్చీలోంచి లేచారు. "అది మీ తాతగారు వేయించింది. దానికి బండి కడితే నువ్వూ బండీ వీధిలో ఉంటారు." నిజానికి ఆయన భయం సబబే. ఎప్పటి దూలమో, లోపల చెద ఉందో లేదో ఎవరికి తెలుసు.

పందిరికి వాడి పక్కన పడేసిన సరుగుడు కర్రలు ఉన్నాయి. రెండేసి కర్రలు ఇంటూ గుర్తులా కట్టి, అటొక జత ఇటొక జత, పైన రెండంగుళాల జీఐ పైపు అడ్డంగా. ఎత్తు ఆరున్నర అడుగులు. బోరు మోటార్లు దించే వాళ్ల దగ్గర ఒక టన్ను చైన్ బ్లాకు (గొలుసు లాగి బరువెత్తే కప్పీ) ఒక పూటకు అడిగి తెచ్చాను. ముందు బరువు 63 కిలోలే కాబట్టి బలానికి దిగుల్లేదు, దిగులంతా కర్రల అడుగులకే.

మొదటి ప్రయత్నం: అడుగులు నున్నటి కాంక్రీటు మీద జారాయి. 40 మి.మీ. తెరుచుకోగానే దించేశాను. ఒక్కో జత అడుగులను నైలాన్ తాడుతో కట్టాక కదల్లేదు.

రెండో ప్రయత్నం: బెల్టును ఫ్రేము మెడ చుట్టూ, ట్యాంకు ముందు నుంచి తిప్పి ఎత్తాను. చక్రం లేచింది. కీ తిప్పి చూస్తే హారను మోగలేదు, హెడ్‌లైటు వెలగలేదు. బెల్టు కింద వైరింగు నలిగి ఒక తీగ తెగింది. ఎలక్ట్రీషియన్‌కు 120. తర్వాత వైర్ల కట్టను పక్కకు తప్పించి, బెల్టు కింద మడత పెట్టిన గోనెపట్టా వేశాను. హ్యాండిలు బారుకు మాత్రం ఎప్పుడూ కట్టలేదు. దాన్ని లాగితే వంగుతుంది, పైగా బండి ఒక పక్కకు తిరుగుతుంది.

ఇక్కడ ఇంకో సంగతి బయటపడింది. ముందు భాగం లేచిన కొద్దీ వెనక ఎల్ ప్యాడ్ల మీద స్వింగ్‌ఆర్మ్ మెల్లగా వెనక్కి జరుగుతోంది. ఎల్ ఆకారం పక్కలకు మాత్రమే ఆపుతుంది, ముందుకీ వెనక్కీ ఆపదు. ప్యాడ్లు ఊడదీసి ఏరియేటరు ఫ్రేములు చేసే వెల్డింగు షాపుకు పట్టుకెళ్లాను.

"ముందూ వెనకా రెండు పెదాలు కావాలండి, ఇంత ఎత్తు," అని వేలు చూపించాను.

"ఎంతని చెప్పండి బాబూ. వేలు ఎవరిదాన్ని బట్టి ఉంటది," అన్నాడు వెల్డింగు మేస్త్రి.

20 మి.మీ. అని చెప్పాను. పాత యాంగిల్ ముక్క కోసి రెండు పెదాలూ అంటించాడు, మూలలు గ్రైండరుతో గుండ్రంగా చేశాడు. ఎల్ ప్యాడు ఇప్పుడు దొన్నెలా అయ్యింది. లోపల లారీ ట్యూబు రబ్బరు రెండు పొరలు. వెల్డింగు 250, రబ్బరు 60. ఒక్కటి గుర్తుంచుకోవాలి: పెదవి చైను అడ్జస్టరు బోల్టుకు తగలకూడదు. నాది తగిలింది. ఎడమవైపు 4 మి.మీ. అరగదీశాను.

బెల్టు 380.
ఇప్పటికి ఖర్చు: 8,420.

మూడో ప్రయత్నంలో చక్రం 6 సెం.మీ. లేచింది, బెడ్డు కొక్కేల నుంచి అటూ ఇటూ తాళ్లు కట్టాను. ఫోర్కు విప్పి, సీలు మార్చి, నూనె పోసి, తిరిగి బిగించడానికి ఐదు గంటలు. ఆ ఐదు గంటల్లో బండి ఎంత కదిలిందో చూద్దామని వెనక టైరు కింద బెడ్డు మీద సుద్దతో గీత గీశాను. సాయంత్రానికి టైరు ఆ గీత మీదే ఉంది.

దశ 7: తుప్పు, చివరి కొలతలు (అక్టోబరు)

స్టాండు వచ్చి ఐదు నెలలు. వెడల్పు సర్దే బోల్టులు రెండూ తుప్పు పట్టి కదలడం మానేశాయి. మా గాలికి మామూలు బోల్టులు ఆగవు. డీజిలు పోసి రాత్రంతా ఉంచి, సుత్తితో తట్టి తీసి, స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు వేసి గ్రీజు పెట్టాను. 140. కొన్న రోజే చేయాల్సిన పని.

మొత్తం ఖర్చు: 8,560. అందులో దండగ: లివరు, అద్దం 450, ప్లైవుడ్ 820, వైరింగు 120. కలిపి 1,390.

చైను పని వారానికి: మేలో 50 నిమిషాలు, ఇప్పుడు 22.

ఈ వారం బెడ్డు మీద లెవల్ ట్యూబు పట్టాను. ఆగస్టులో 8 మి.మీ. పెట్టిన వాలు ఇప్పుడు 10. బెడ్డు మొత్తం ఒక్క ముక్కగానే ఒరిగింది, బీట లేదు. పక్కనే మిగిలిన నాపరాళ్లు ఎప్పటిలాగే ఎవరి దారిన వాళ్లు ఉన్నాయి. కాలువలు కట్టేశాక, ఏప్రిల్ చివర్లో, మళ్లీ కొలవాలి.

చిన్న ఇబ్బంది ఒకటి వచ్చింది. నాన్నగారి స్ప్లెండరుకు బెడ్డు మీద మెయిన్ స్టాండు సులువుగా పడుతోందట. రాత్రిళ్లు అది అక్కడే ఉంటోంది, నాది రాళ్ల మీద, సైడు స్టాండు కింద చెక్కతో.